జీలకర్ర చుక్కలు: టెలిస్కోపులో తప్పు ఎక్కడుందో తిప్పి చూసి కనిపెట్టడం

నేను అనంతపురంలో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాను. ఎవరైనా పాత జోడు తెచ్చి దీని పవర్ ఎంతో చెప్పమంటే, పవర్ కొలిచే లెన్సోమీటర్ దగ్గరికి వెళ్ళకముందే ఒక పని చేస్తాను. జోడును చేయి చాచి పట్టుకుని, అందులోంచి ఎదుటి తలుపు అంచును చూస్తూ, అద్దాన్ని గడియారం ముల్లులా కొద్దిగా అటూ ఇటూ తిప్పుతాను. తలుపు అంచు నిటారుగానే నిలబడితే అందులో సిలిండర్, అంటే ఒక్కో దిక్కున ఒక్కోలా ఉండే పవర్, లేదు. అద్దం తిరిగే కొద్దీ అంచు కత్తెరలా వాలిపోతూ ఉంటే సిలిండర్ ఉంది. మా నాన్న నేర్పిన విద్య ఇది. ఆయన పనిముట్టు లేకుండానే అర పవర్ తేడాను పట్టేవారు.

ఇదే విద్య టెలిస్కోపుకూ పనికొస్తుందని నాకు తెలియడానికి అయిదేళ్ళు పట్టింది. మొన్న జనవరిలో కల్యాణదుర్గం వైపు మా బావగారి వేరుశనగ చేనులో టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నాం. ల్యాప్‌టాప్ చూస్తున్న మేనల్లుడు ఉన్నట్టుండి అన్నాడు: "మామయ్యా, మధ్యలో చుక్కలు ఆవాల్లా ఉన్నాయి. ఈ పై మూలలో మాత్రం జీలకర్ర అయిపోయాయి."

ఆ మూల నాకు కొత్త కాదు. అంతకు ముందు రెండు నెలలుగా దాని కోసం ఏమేమి కొన్నానో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది. కొన్నవన్నీ ఊహ మీద కొన్నవే. ఆ రాత్రి మొదటిసారి ఏమీ కొనకుండా, ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఆ వరస ఇది.

నా దగ్గరున్నది ఎనిమిది అంగుళాల న్యూటోనియన్, అంటే ఒక పెద్ద అద్దం, ఒక చిన్న అద్దం ఉన్న టెలిస్కోపు. ఫోకల్ దూరం 1000 మి.మీ., అద్దం వెడల్పుకు సుమారు అయిదు రెట్లు కాబట్టి ఎఫ్/5. వెనక కోమా కరెక్టర్ (మూలల్లో చుక్కలకు తోక రాకుండా చేసే లెన్సు), దాని వెనక ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కూలింగ్ కెమెరా. పిక్సెల్ 3.76 మైక్రాన్లు, అంటే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 0.78 ఆర్క్ సెకన్లకు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) సమానం. మీది లెన్సు టెలిస్కోపైతే అద్దాల గురించి రాసినవి వదిలేయండి, మిగతా పద్ధతి అదే.

పరీక్ష ఫొటో

నెబ్యులా ఫొటోను చూసి రోగం చెప్పడానికి కూర్చోవద్దు. గంటల తరబడి తీసిన ఫ్రేములు కలిపితే గాలి, మౌంటు (టెలిస్కోపును మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే యంత్రం), ఫోకస్ జారడం, అన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి. పరీక్షకు వేరే ఫొటో తీయాలి. నాలుగు మూలల్లోనూ చుక్కలు దండిగా ఉండే చోటు కావాలి, మరీ ప్రకాశవంతమైనవి ఉండకూడదు. అందుకే అందరూ ఇష్టపడే కృత్తికలు దీనికి పనికిరావు. జనవరిలో నేను మిథునం పాదాల దగ్గరున్న ఎం35 అనే చుక్కల గుంపును ఎంచుకుంటాను. మా ఊరి నుంచి అది నడినెత్తికి పది డిగ్రీల దూరం వరకు ఎక్కుతుంది కాబట్టి వాతావరణం చేసే చెరుపు తక్కువ. అదే దక్షిణాన ఉండే ఒమేగా సెంటారీ గుంపు మాకు అత్యధికంగా 28 డిగ్రీలే లేస్తుంది. అక్కడ చుక్కకు ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నీలం అంచు కనబడితే అది గాలి చేసిన పని. దానికి టెలిస్కోపును తిట్టవద్దు.

అద్దం బయటి గాలి చల్లదనానికి రావాలి. ఎనిమిది అంగుళాల అద్దానికి గంట ఇస్తాను. పగలంతా కారు డిక్కీలో ఉండి వస్తే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత కాలిమేషన్ (అద్దాలను ఒకే వరసకు సర్దడం), మధ్య చుక్కల మీద ఫోకస్, మూడేసి సెకన్ల ఫొటోలు పది. పది ఎందుకంటే, గాలి అలజడి ఒక్కో ఫొటోలో చుక్కను ఒక్కో వైపు గుంజుతుంది. పదింటిలోనూ ఒకే తీరుగా కనబడేదే టెలిస్కోపు తప్పు.

కాలిమేషన్ గురించి ఒక్క మాట. లేజర్ కాలిమేటర్‌ను నమ్మే ముందు దాన్నీ తిప్పి చూడండి. ఫోకసర్‌లో, అంటే ఫోకస్ కోసం ముందుకూ వెనక్కూ జరిగే గొట్టంలో, పెట్టి మెల్లగా తిప్పితే ఎర్ర చుక్క అద్దం మీద ఒకేచోట నిలవాలి. నాది సెంటీమీటరు వెడల్పున సున్నా చుట్టింది. రెండేళ్ళు ఆ వంకర లేజర్‌తోనే అద్దాలు సరిచేశాను, అంటే శ్రద్ధగా చెడగొట్టాను. చెక్క ముక్కకు నాలుగు మేకులు కొట్టి, వాటి మధ్య లేజర్‌ను పడుకోబెట్టి తిప్పుతూ, ఎదుటి గోడ మీద చుక్క కదలకుండా ఉండేదాకా దాని పక్కనున్న చిన్న మరలు సర్దితే సరిపోయింది. చివరి మాట మాత్రం ఎప్పుడూ చుక్కదే. ఫోకస్ కొంచెం జరిపితే నడి చుక్క గారెలా అవుతుంది. ఆ గారె చిల్లు ఒక పక్కకు జరిగి ఉంటే కాలిమేషన్ ఇంకా కుదరలేదని అర్థం.

ఫొటోలు వచ్చాక మధ్య ముక్క, అంచుల ముక్కలు, నాలుగు మూలల ముక్కలు కత్తిరించి పక్కపక్కన పెట్టుకోవాలి. సిరిల్, ఏస్టాప్ రెండూ ఉచితమే, ఈ పని క్షణంలో చేసిపెడతాయి. చుక్క ఎంత గుండ్రంగా ఉందో సిరిల్ అంకెలో కూడా చెబుతుంది. పూర్తి గుండ్రమైతే ఒకటి, సాగే కొద్దీ తగ్గుతుంది. సుమారు 0.9కి తగ్గేదాకా మన కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది. అంకె కన్నా ముందు సాగిన దిక్కు చూడండి. అసలు సమాచారమంతా అందులోనే ఉంటుంది.

అన్ని చుక్కలూ ఒకే వైపు సాగితే

మధ్యలోనూ మూలల్లోనూ ఒకే దిక్కుకు సాగితే ముందు మౌంటును అనుమానించాలి. మూడు సెకన్ల ఫొటో పక్కన రెండు నిమిషాల ఫొటో పెట్టండి. చిన్నదాంట్లో గుండ్రంగా, పెద్దదాంట్లో పొడుగ్గా ఉంటే అద్దాల జోలికి పోవద్దు. కెమెరా పొడవాటి అంచును తూర్పు పడమరలకు సమాంతరంగా పెట్టుకునే అలవాటు చేసుకుంటే ఇక్కడ బాగా కలిసొస్తుంది. అడ్డంగా సాగితే మౌంటు నడక, నిలువుగా సాగితే ధ్రువం గురి (మౌంటు ఇరుసును ఆకాశ ధ్రువానికి సూటిగా నిలపడం) తప్పడం లేదా గేర్ల సందు అని చూడగానే తెలుస్తుంది. చుక్కలు ఒక బిందువు చుట్టూ చాపాల్లా వంగితే అది కూడా ధ్రువం గురి తప్పడమే.

మాకు ధ్రువ నక్షత్రం పదిహేను డిగ్రీల ఎత్తులోనే, దుమ్ములో మునిగి ఉంటుంది. మౌంటును అంత కిందికి వంచితే బరువుల కడ్డీ స్టాండు కాలికి తగలబోతుంది. అది తగిలిన రాత్రి తీసిన ఫొటోలు కూడా నా దగ్గర ఉన్నాయి. ఇక గాలి సంగతి చెప్పనక్కరలేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

చిన్న ఫొటోలోనూ సాగితే: సిలిండర్

ఇది నా వృత్తి విషయం కాబట్టి కాస్త ఆగుతాను. మా దుకాణంలో సిలిండర్ అనేదాన్నే టెలిస్కోపుల వాళ్ళు ఆస్టిగ్మాటిజం అంటారు. అద్దం ఒక దిక్కున ఒక వంపు, దానికి అడ్డదిక్కున ఇంకో వంపు కలిగి ఉండటమే అది. పరీక్ష సులువు. ఫోకస్‌ను కొంచెం లోపలికి జరిపి ఒక ఫొటో, అంతే దూరం బయటికి జరిపి ఇంకో ఫొటో తీయండి. ఒకదాంట్లో నిలువుగా సాగిన చుక్క రెండోదాంట్లో అడ్డంగా పడుకుంటే సిలిండర్ ఉన్నట్టే. రెండింటిలోనూ ఒకే దిక్కుకు సాగితే అది సిలిండర్ కాదు, మౌంటు దగ్గరికి వెనక్కి వెళ్ళండి.

సిలిండర్ ఉందని తేలాక ఎవరిదో తేల్చాలి. పెద్ద అద్దం పక్కనా, అది కూర్చున్న గిన్నె మీదా పెన్సిలుతో ఒక గీత పెట్టి, అద్దాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ బిగించి, మళ్ళీ ఫొటో తీయండి. సాగిన దిక్కు అద్దంతో పాటు తిరిగితే దోషం అద్దంలోనే ఉంది. తిరగకపోతే చిన్న అద్దాన్ని చూడాలి. వెనక జిగురు ఎక్కువై అది మెలితిరిగి ఉండవచ్చు. పెద్ద అద్దాన్ని పట్టే మూడు కొక్కేలు మరీ బిగిస్తే చుక్కలు సమోసాల్లా మూడు మూలలతో వస్తాయి. కొక్కేనికీ అద్దానికీ మధ్య ఒక కాగితం జారేంత సందు వదలాలి.

కెమెరా బదులు ఐపీసుతో (కన్ను పెట్టి చూసే లెన్సుతో) చూసేవాళ్ళకు ఇంకో అనుమానితుడు ఉంటాడు. టెలిస్కోపు కొన్న మొదటి వారం చుక్కలన్నీ అడ్డంగా సాగి కనబడితే, అమ్మినాయన మోసం చేశాడని రాత్రంతా మండిపడ్డాను. తెల్లారాక గుర్తొచ్చింది, నా కుడి కంటికే ఒకటింపావు సిలిండర్ ఉంది, ఆ రాత్రి జోడు తీసి చూశాను. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి కళ్ళకూ అద్దాలు వేసేవాడి పరిస్థితి ఇది. తల పక్కకు వాల్చి చూడండి. సాగిన దిక్కు తలతో పాటు వాలితే తప్పు కంటిదే.

మధ్య బాగుండి, నాలుగు మూలలూ ఒకే తీరుగా చెడితే

ఇది చాలావరకు దూరం లెక్క. కరెక్టర్ లేకుండా ఎఫ్/5 న్యూటోనియన్‌తో తీస్తే, మూలల్లో ప్రతి చుక్కకూ మధ్యకు ఎదురుదిక్కున తోక మొలుస్తుంది. అదే కోమా. నా సెన్సర్ మూలలో ఆ తోక లెక్కప్రకారం 20 ఆర్క్ సెకన్లు దాటుతుంది, అంటే పాతిక పిక్సెళ్ళకు పైనే. కరెక్టర్ దాన్ని మింగేస్తుంది, కాకపోతే సెన్సర్ తాను చెప్పిన దూరంలోనే ఉండాలి. ఎక్కువ కరెక్టర్లకు, ఫ్లాటెనర్లకు (ఫోకస్ మూలల దాకా చదునుగా పడేలా చేసే లెన్సులకు) ఆ దూరం 55 మి.మీ. నా కెమెరా లోపల సెన్సర్ లోతు 17.5, దానికి 16.5, 21 మి.మీ. రింగులు కలిపితే 55 వస్తుంది. పాత కానన్ డీఎస్ఎల్ఆర్‌తో అయితే 44, టీ-రింగు 11, అదీ 55.

లెక్క ఇంత చక్కగా కుదిరినా మూలలు చెడ్డాయంటే ఫిల్టర్‌ను మర్చిపోయి ఉంటారు. దారిలో గాజు ఉంటే ఫోకస్ దాని మందంలో మూడో వంతు వెనక్కి జరుగుతుంది. 2 మి.మీ. ఫిల్టర్‌కు సుమారు 0.7 మి.మీ. అదనంగా ఇవ్వాలి. రింగుల మీద అచ్చు వేసిన కొలతను నమ్మకుండా వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. నా 21 మి.మీ. రింగు 20.8 తూగింది.

దగ్గరైందా దూరమైందా అన్నది చుక్కలే చెబుతాయి. మూలల్లో చుక్కలు మధ్య నుంచి బయటికి చిమ్మినట్టు సాగితే సెన్సర్ దగ్గరైందని, మధ్య చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు సాగితే దూరమైందని అంటారు. చాలా ఫ్లాటెనర్లకు ఇది పనిచేస్తుంది, అన్నింటికీ కాదు. అందుకే నేను అర మి.మీ. వాషరు ఒకటి చేర్చి చూస్తాను. మెరుగైతే ఇంకొకటి, చెడితే తీసేయడం. మూలల చుక్కలు సాగకుండా కేవలం ఉబ్బితే, ఈసారి మూల మీదే ఫోకస్ చేయండి. మూల పదునెక్కి మధ్య మసకబారితే అది క్షేత్రం వంపు, అంటే ఫోకస్ చదునుగా కాక గిన్నెలా పడటం, దానికి మందు ఫ్లాటెనరే.

చాలామంది దీన్నంతా డిస్టార్షన్ అనేస్తారు. అసలు డిస్టార్షన్‌లో చుక్క గుండ్రంగానే ఉంటుంది, ఉండవలసిన చోట ఉండదు. పెద్ద ప్లస్ పవర్ జోడులోంచి గడప చూస్తే గీతలు లోపలికి, మైనస్‌లోంచి చూస్తే బయటికి వంగడం ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పక్కపక్క ఫొటోలను కలిపి మొజాయిక్ అతికేటప్పుడు తప్ప మనలాంటివాళ్ళకు దానితో పేచీ లేదు. గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో హైదరాబాదు నిజామియా వేధశాలలో, ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద ఫొటోలు తీసి చుక్కల స్థానాలు కొలిచినవాళ్ళకు మాత్రం అది ప్రాణసంకటమై ఉంటుంది.

ఒక్క మూలే చెడితే

ఇది మా జీలకర్ర కథ. ఒక మూల లేదా ఒక పక్క మాత్రమే చెడితే ఎక్కడో ఏదో వాలి ఉంది. ఎంత వాలితే ఇంత గొడవ అంటే, ఎఫ్/5 దగ్గర పదునైన ఫోకస్ లోతు మొత్తం అరవై మైక్రాన్లకు కొంచెం పైన. కెమెరా అడాప్టర్ ఒక పక్కన మామూలు జిరాక్స్ కాగితం ముక్క ఒక్కటి ఇరుక్కుంటే, సెన్సర్ ఈ చివరకీ ఆ చివరకీ సుమారు యాభై మైక్రాన్ల తేడా వస్తుంది. రింగు మరలో దుమ్ము చాలు.

ఇక్కడే తిప్పడం మొదలు. ముందు కరెక్టర్‌కూ కెమెరాకూ మధ్య అతుకు దగ్గర కెమెరాను 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ ఫొటో తీశాం. ఫొటోలో ఆకాశం తలకిందులవుతుంది, అది చూసి కంగారుపడకూడదు. చుక్కల పేర్లు మర్చిపోయి మూలలు మాత్రమే చూడాలి. చెడ్డ మూల ఫొటోలో అక్కడే ఉంటే తప్పు కెమెరాతో పాటు తిరుగుతోంది, అంటే సెన్సర్ వాలింది. ఎదుటి మూలకు మారితే తప్పు టెలిస్కోపుతో ఉండిపోయింది, కెమెరా నిర్దోషి.

పై కుడి మూల జీలకర్ర కింది ఎడమకు వెళ్ళింది. కెమెరా నిర్దోషి. సెన్సర్ వాలు సరిచేసే పలక ఒకటి అప్పటికే కొని మూడు వారాలుగా దాని మరలు తిప్పుతున్న నేను, మేనల్లుడి వైపు చూడకుండా తరవాతి పనిలో పడ్డాను.

తరవాత కెమెరాను మొదటి స్థితికి తెచ్చి, ఈసారి కరెక్టర్‌నూ కెమెరానూ కలిపి ఫోకసర్‌లో 180 డిగ్రీలు తిప్పాం. మళ్ళీ ఎదుటి మూలకే వెళ్ళింది. అంటే కరెక్టర్‌దీ కాదు. మిగిలింది ఫోకసర్, లేదా అద్దాల కాలిమేషన్. ఈ రెండింటినీ విడదీయడానికి తిప్పవలసింది టెలిస్కోపునే. ఎం35 తన అత్యధిక ఎత్తు దాటి పడమటికి వాలగానే గొట్టాన్ని మౌంటు ఇటు పక్క నుంచి అటు పక్కకు మార్చి, అదే గుంపును మళ్ళీ తీశాం. కెమెరాకూ గొట్టానికీ మధ్య ఏమీ మారలేదు. మారింది ఒక్కటే, గొట్టం లెక్కన భూమి లాగే దిక్కు. కాలిమేషన్ తప్పైతే చెడ్డ మూల కదలకూడదు.

కదిలింది. ఎదుటి పక్కకు.

టార్చి వేసి, కెమెరాను చేత్తో పట్టుకుని మెల్లగా ఊపాను. ఫోకసర్ లోపలి గొట్టం ఊడబోయే పన్నులా ఊగింది. కెమెరా, కరెక్టర్, ఫిల్టర్ డ్రాయరు కలిపి కిలోకు పైగా బరువు దాని చివరన వేలాడుతోంది. పైగా కరెక్టర్‌ను పట్టుకున్నది ఒకే ఒక్క బిగింపు మర, అది కూడా ఒక పక్కకే నెడుతుంది. అయిదేళ్ళలో ఒక్కసారి ఊపి చూసి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

ఫోకసర్ బేరింగుల మీదుండే రెండు చిన్న అలెన్ మరలను పావు చుట్టు చొప్పున, గొట్టం ఊగడం ఆగేదాకా, మోటారు ఇంకా సులువుగా లాగగలిగేదాకా బిగించాను. ఈ పని ఒకేసారి గట్టిగా చేస్తే మోటారు మెట్లు జారుతుంది. మర్నాడు ఒక లేత్ పనివాడి దగ్గర మర రింగు చేయించి, కరెక్టర్‌ను ఫోకసర్‌కు నేరుగా మరతో బిగించాను. అంతకుముందు ఆ మూలకూ మధ్యకూ ఫోకస్ తేడా 90 మైక్రాన్లుండేది. మోటారుతో ముందు మధ్యన, తర్వాత ఒక్కో మూలన ఫోకస్ చేసి ఆగిన అంకెలు రాసుకుంటే ఇది తెలుస్తుంది. ఇప్పుడు 30కి దిగింది. పలక డబ్బాలోకి వెళ్ళింది.

వీటిలో దేనికీ లొంగని చిన్నచిన్నవి కొన్ని ఉంటాయి. ప్రకాశవంతమైన చుక్కల చుట్టూ ఉండే వెలుగులో ఎలుక కొరికినట్టు ఒక పక్క ముక్క పోతే, ఫోకసర్ గొట్టం లోపలికి చొచ్చుకొచ్చి వెలుగుకు అడ్డం పడుతోంది. ఫోకస్ తప్పించిన గారె అంచు నిప్పు మీది గాలిలా అల్లాడితే అద్దం ఇంకా చల్లారలేదు. రెండు లెన్సుల టెలిస్కోపులో అభిజిత్తు లాంటి తెల్లటి చుక్క చుట్టూ ఊదా వలయం వస్తే అది ఆ లెన్సు స్వభావం, ఎంత తిప్పినా పోదు. సాగిన చుక్కలను గుండ్రంగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా అంటే, వచ్చాయి, నేనూ వాడతాను. ఊగే ఫోకసర్ మాత్రం ప్రతి రాత్రీ కొత్త వైపుకు ఊగుతుంది.

విప్పే ముందు ఒక జాగ్రత్త. ప్రతి అతుకు మీదా రెండు పక్కలా ఆనేలా ఒక గోళ్ళరంగు చుక్క పెట్టండి. ఎంత తిప్పారో, తిరిగి ఎక్కడికి తేవాలో చీకట్లో దాన్ని బట్టే తెలుస్తుంది. ఒక్కసారికి ఒక్క అతుకే తిప్పండి, ఫొటో పేరులోనే ఏది తిప్పారో రాయండి. ఆ రాత్రి మా ఫైళ్ళ పేర్లన్నీ మేనల్లుడే పెట్టాడు. చివరిదాని పేరు "అన్నీ ఆవాలే".